టిల్‌ఫర్డు గ్రామజీవన ప్రదర్శనశాల : ఒక బండిచక్రము

ఇంగ్లండునందలి సర్రీ మండలమున ఫార్నహాము పట్టణమునకు చేరువను టిల్‌ఫర్డు అను గ్రామము కలదు. అచట హెన్రీ జాక్సన్, మాడ్జ్ జాక్సన్ అను దంపతులు తాము సేకరించిన పాత పనిముట్లతో నెలకొల్పిన గ్రామజీవన ప్రదర్శనశాల 1973లో ప్రజలకు తెఱవబడినది. దాని పని చాలవఱకు జీతము గొనని స్వచ్ఛంద సేవకుల చేతులమీదనే సాగుచున్నది. నాగళ్లు, బండ్లు, పాత యంత్రములు, చిన్న రైలుబండి—అన్నిటిని చూచితినిగాని ఇచట చక్రమును గూర్చి మాత్రమే చెప్పెదను.

కొన్ని సంవత్సరముల క్రిందట తరగతిలో ‘పూటీ’ అనగా నేమని ఒక విద్యార్థి యడిగెను. చక్రపు చుట్టుకఱ్ఱలోని వంపుముక్క యని చెప్పి, నల్లబల్లమీద బొమ్మ గీచి, దానిపై ఇనుపపట్టాను మేకులతో దిగగొట్టుదురని కూడ చేర్చితిని. ఆ చివరిమాట ఏ నిఘంటువులోనిదియు కాదు; నేను కల్పించుకొన్నది.

టిల్‌ఫర్డునందలి బండ్ల కర్మశాలలో ఒక వృద్ధ సేవకునితో ఈ సంగతి ముచ్చటింపగా, ఆయన నవ్వి, నా మాట పూర్తిగా తప్పు కాదనెను. పూర్వము ఆ దేశమున ఇనుపముక్కలను వరుసగా పూటీల అతుకులపై మేకులతో కొట్టెడివారు. తరువాత అఖండమైన ఇనుపవలయము వచ్చెను. దానిని చక్రముకంటె ఒకింత చిన్నదిగా చేసి, కాల్చి, వ్యాకోచించినంతనే చక్రమునకు తొడిగి, కఱ్ఱ అంటుకొనకుండ నీరు పోయుదురు. చల్లారి సంకోచించిన వలయము ఆకులను నాభిలోనికి, పూటీలను ఒకదానితో నొకటికి బిగించును. మేకు చేయలేని పని యిది.

ఫార్నహామువాడే యగు జార్జి స్టర్టు (1863–1927) ఈ విద్యను గూర్చి 1923లో ‘ది వీల్‌రైట్స్ షాప్’ అను గ్రంథము ప్రకటించెను. బడిపంతులుగా నున్న ఆయన 1884లో తండ్రి కర్మశాలను చేపట్టెను. నాభికి చీలని ఎల్మ్, ఆకులకు బరువు మోయు ఓక్, పూటీలకు సాగుగుణము గల యాష్—ఇవి పనివాండ్రవద్ద నేర్చినవే. చక్రము పళ్లెమువలె ఒకింత లోతుగా నుండుటకు కారణము మాత్రము చాలకాలమునకు గాని ఆయనకు తోచలేదు. గుఱ్ఱపు నడకతో బండి ప్రక్కలకు ఊగును. ఆ త్రోపును తట్టుకొనుటకే ఆ లోతు. చేతికి తెలిసినది నోటికి రాకపోవుట భాషాపరిశోధకులమగు మనము గమనింపదగినది.

మనకు పదముల కొఱత లేదు. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి 1962లో ప్రకటించిన మాండలిక వృత్తిపదకోశపు మొదటి సంపుటమున భద్రిరాజు కృష్ణమూర్తిగారు సేద్యపుమాటలను ప్రాంతభేదములతో కూర్చిరి. అంతటి కృషి జరిగియుండగా నాబోటివాడు మేకుల కథ చెప్పుట కోశపు లోపము కాదు.

తిరిగి వచ్చిన పిమ్మట మా మాతామహుల గ్రామమునకు పోయి ఒక వృద్ధ వడ్రంగిని అడిగితిని. ఇచటను పద్ధతి అదియే; పిడకలు గుండ్రముగా పేర్చి పట్టా కాల్చెడివారట. కూర్చుండి చెప్పినంతసేపు ఆయనకు రెండు మూడు మాటలకంటె తోపలేదు. పెరటిలో పడియున్న చక్రమును నిలబెట్టి చేయి వేసినంతనే మాటలు వరుసగా వచ్చెను. “పట్టా పూటీని కరవాలి బాబూ, మేకుతో పని లేదు” అనెను. వ్రాసికొనుటకు నా కలము వెనుకబడినది.

ఆ చక్రమును ఇంటివారు వంటచెఱకునకై కొట్టదలచిరి. అడిగి తెచ్చుకొంటిని. ఇప్పుడది మా శాఖ వరండాలో, ఆయన చెప్పిన పదునాలుగు మాటలు వ్రాసిన అట్టతో, గోడకు ఆనించియున్నది. రెండు ఆకులు లేవు.