కంబాలకొండ నుంచి గాలికొండ దాకా

భీమిలి దారిలో తొట్లకొండ ఎక్కినవాళ్లు స్తూపాల పునాదులు చూసి, సముద్రం చూసి, ఫొటోలు దిగి దిగివచ్చేస్తారు. అక్కడ తీరిగ్గా చూడాల్సినవి రాతిలో తొలిచిన నీటి తొట్లు. క్రీస్తుపూర్వం మూడో శతాబ్దం నుంచి సుమారు ఆరువందల ఏళ్లు భిక్షువులు ఆ కొండ మీద బతికారు. ఎదురుగా ఉన్న సముద్రం తాగడానికి పనికిరాదు. వాన కొండ మీద పడ్డచోటే దాన్ని పట్టుకోవాలి. ఆ ఎరుకతోనే తొట్లు తొలిచారు, పక్కనున్న బావికొండ మీదా అలాంటి ఏర్పాట్లే చేసుకున్నారు. విశాఖ కొండల కథ ఎక్కడ మొదలుపెట్టాలని ఎవరైనా అడిగితే నేను ఆ తొట్ల దగ్గరే అంటాను. ఈ రెండువేల ఏళ్లలో ఈ కొండలను వేట కోసం చూసినవాళ్లున్నారు, కలప కోసం, ఖనిజం కోసం, ఇప్పుడు సెల్ఫీల కోసం చూస్తున్నవాళ్లున్నారు. నీళ్ల కోసం చూసినవాళ్లే వాటిని సరిగ్గా చూశారు.

సింహాచలం సంగతి తీసుకోండి. ఆలయంలో 11వ శతాబ్దం చివరి నాటి కుళోత్తుంగ చోళుడి శాసనం ఉంది, గాంగుల శాసనాలున్నాయి, శ్రీకృష్ణదేవరాయలు దిగ్విజయంలో వచ్చి స్వామికి నగలు సమర్పించుకున్న ఆనవాళ్లున్నాయి. రాజులు వచ్చిపోయారు. కొండ మీద గంగధార మాత్రం పారుతూనే ఉంది, భక్తులు అందులో తడిసి దర్శనానికి వెళుతూనే ఉన్నారు. కొండకు ఇవతలి వైపు మాధవధారదీ అదే తీరు. ఆషాఢ పౌర్ణమికి జరిగే గిరిప్రదక్షిణలో లక్షల మంది సుమారు 32 కిలోమీటర్లు నడుస్తారు. అడవివరం, ముడసర్లోవ, హనుమంతవాక, అప్పూఘర్, కంచరపాలెం, గోపాలపట్నం మీదుగా కొండ మొత్తం చుట్టి వస్తారు. ఈ ప్రాంతంలో పర్యాటకమనే మాట పుట్టకముందే ఉన్న కొండయాత్ర ఇది. సంపెంగలు, పనస, అనాస పండించే సింహాచలం వాలు తోటలకు తడి అందించేది కూడా ఆ ఊటలే.

ఆ కొండల వరుసకు ఉత్తరాన, జాతీయ రహదారి పక్కనే కంబాలకొండ. ఒకప్పుడు విజయనగరం మహారాజుల ఏలుబడిలో ఉన్న అడవి. 1970 నుంచి అటవీశాఖ చేతిలో ఉంది, 2002 మార్చి 10న వన్యప్రాణి అభయారణ్యం అయింది. విస్తీర్ణం దాదాపు 71 చదరపు కిలోమీటర్లు. లక్షల జనం ఉన్న నగరాన్ని ఆనుకుని ఇంత అడవి మిగలడం దేశంలో అరుదు. అది ఊరికే మిగల్లేదు. దాని ఒడిలోని ముడసర్లోవ జలాశయం విశాఖకు తొలినాళ్ల మంచినీటి వనరుల్లో ఒకటి. పైన చెట్టు కొడితే కింద చెరువు పూడుతుందని లెక్క తెలిసిన ఇంజనీర్లకూ తెలుసు, లెక్క రాని పల్లెవాళ్లకూ తెలుసు.

కంబాలకొండ పెద్ద అడవి కాదు, ఎత్తైన మానుల అడవీ కాదు. చాలాచోట్ల పొదలు, ముళ్లకంపలు, మధ్యమధ్య గడ్డి మైదానాలు, వాగుల వెంట మాత్రం ఆకు దట్టం. అందుకే మొదటిసారి వచ్చినవాళ్లు కాస్త నిరాశపడతారు. పొద్దున్నే వచ్చి మాట్లాడకుండా నడిస్తే అడవి తీరు వేరు. తొలకరి రోజుల్లో రాలిన ఆకుల్లోంచి రెండు స్వరాల ఈల వినిపిస్తుంది. ఆగి చూస్తే పొన్నంగి పిట్ట నేల మీద గెంతుతూ, ముక్కుతో ఒక్కో ఆకూ తిరగేస్తూ, దొరికిన పురుగును పట్టుకుని మళ్లీ నిలబడి వింటూ ఉంటుంది. పచ్చ, నీలం, ఎరుపు అన్నీ ఉన్నా ఆకుల మధ్య అది కదిలేదాకా కనపడదు. ఈ అడవిలో కణితులు, దుప్పులు, మొరిగే జింకలు, రేచుకుక్కలు, నక్కలు, పునుగుపిల్లులు ఉన్నాయి. రక్తపింజర్లు, నాగులు ఉన్నాయి. అన్నిటికీ పైన చిరుత ఉంది.

1977లో ఈ అడవి అంచునే, సముద్రం వైపు, 625 ఎకరాల్లో ఇందిరాగాంధీ జంతు ప్రదర్శనశాల తెరిచారు. సెలవురోజున అక్కడ ఇసుక వేస్తే రాలదు. కంబాలకొండ ఎకో పార్కుకు వచ్చేవాళ్లు అందులో కొద్దిమందే. ఈ పార్కు నిర్వహణలో అభయారణ్యం లోపలి శంభువానిపాలెం వాసులకు, వన సంరక్షణ సమితి ద్వారా, భాగం ఇచ్చారు. నాకు ఈ అడవి పర్యాటకంలో అన్నిటికన్నా నచ్చిన ఏర్పాటు అదే. నిప్పు ఎక్కడ రాజుకుంటుందో, ఉచ్చు ఎవరు పెడతారో, ఏ చెలమ ఏ నెలలో ఎండుతుందో అక్కడ పుట్టిపెరిగినవాళ్లకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

ఇక అసలు కొండలు. అనంతగిరి, అరకు, పాడేరు, చింతపల్లి. తూర్పు కనుమల్లో అన్నిటికన్నా ఎత్తైన శిఖరాలు ఇక్కడివే, 1,600 మీటర్లు దాటుతాయి. బ్రిటిష్ వాళ్లు అప్పటి విశాఖ జిల్లాను గ్రంథాలకెక్కించారు. 1869లో కార్మైకేల్ మాన్యువల్, 1907లో ఫ్రాన్సిస్ గెజిటీర్ వచ్చాయి. వాళ్ల దృష్టిలో అడవంటే శిస్తు, కలప, వేట. పులిని చంపితే బహుమతి ఇచ్చిన రోజులవి. విజయనగరం రాజవంశీకుడు, క్రికెట్ లోకం విజ్జీగా ఎరిగిన విజయానంద గజపతిరాజు మూడువందలకు పైగా పులులను వేటాడినట్టు చెప్పుకొనేవారు. ఆ పులులన్నీ ఈ కొండల్లోవి కావు. అయినా పెద్దపులి ఇక్కడ చెదురుమదురు అతిథిగా మారిపోవడానికి ఆ కాలపు తుపాకుల వంతు ఎంత ఉందో ఊహించుకోవచ్చు.

1882 మద్రాసు అటవీ చట్టం మన్యంవాసి నోటి దగ్గర కూడు తీసేసింది. పోడు సాగు నేరమైంది. వంటచెరకు తెచ్చుకోవాలన్నా, పశువును తోలుకెళ్లాలన్నా గార్డు దయ కావాలి. దానికి తోడు మన్యంలో రోడ్ల పనులకు కూలి సరిగా ఇవ్వకుండా చాకిరీ చేయించారు. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద దాడి చేసేనాటికి ఆ ఆకలీ, ఆ అవమానమూ నలభై ఏళ్లుగా పేరుకుని ఉన్నాయి. 1924 మే 7న ఆయన్ని కాల్చి చంపారు. ఇప్పుడు చలికాలం రాగానే మంచు చూడటానికి లంబసింగి ఘాట్ ఎక్కే కార్ల వరుస ఆ పోరాటం నడిచిన కొండల్లోంచే పోతుంది. ఆ ప్రయాణంలో పిల్లలకు ఈ సంగతి చెప్పే తల్లిదండ్రులు ఎందరుంటారో గాని, చెప్పాలి.

శిస్తు కోసమో, కలప కోసమో, వేట కోసమో కాకుండా, ఈ అడవిని తెలుసుకోవడానికి వచ్చినవాళ్లు ఆలస్యంగా వచ్చారు. 1929 తర్వాత వెర్నే సర్వే తూర్పు కనుమల పక్షుల నమూనాలు సేకరించింది. 1945లో హుమాయూన్ అబ్దులాలీ ఈ జిల్లా పక్షుల మీద రాశారు. కానీ మనం గర్వంగా తలుచుకోవాల్సిన పేరు విశాఖపట్నానికి చెందిన కె.ఎస్.ఆర్. కృష్ణరాజుది. 1970లలో ఆయనా, పరిశోధకుడు ట్రెవర్ ప్రైస్ కలిసి లంబసింగి ప్రాంతపు పక్షులను ఓపికగా గమనించారు. ఎక్కడో హిమాలయాల వైపు ఉండాల్సిన చెట్టు పిచ్చుక ఇక్కడ ఉందని 1973లో రాశారు. స్మిత్‌సోనియన్ సంస్థకు అధిపతిగా పనిచేసిన డిల్లన్ రిప్లీ, ఆయనతో పాటు బ్రూస్ బీలర్ ఆ తర్వాత ఈ కొండలకొచ్చారు. ఈశాన్య భారతంలోనూ ఆగ్నేయాసియాలోనూ ఉండే అబట్స్ బ్యాబ్లర్ అనే చిన్న గోధుమరంగు పిట్ట ఇక్కడి తేమ లోయల్లో ఉందని తేల్చి, 1985లో దాన్ని కొత్త ఉపజాతిగా వర్ణించి, కృష్ణరాజు పేరే పెట్టారు. మధ్యలో వందల కిలోమీటర్ల ఖాళీ ఉన్నా ఈశాన్యపు పిట్ట మన కొండల్లో ఉందంటే, ఈ లోయలు ఎంత పాత తేమను దాచుకుని ఉన్నాయో ఆలోచించండి. వాగు ఎండితే ఆ పిట్టకు ఎగిరిపోవడానికి ఇంకో చోటు లేదు.

1960లలో జపాన్‌కు ఇనుప ఖనిజం పంపడానికి బైలాడిలా గనుల నుంచి విశాఖకు రైలు మార్గం వేశారు. కొత్తవలస–కిరండూల్ మార్గం, జనం నోట కేకే లైను. 58 సొరంగాలు, 84 వంతెనలని చెబుతారు. శిమిలిగూడ స్టేషన్ 996 మీటర్ల ఎత్తున ఉంది, బ్రాడ్‌గేజ్‌లో దేశంలోకెల్లా ఎత్తైన స్టేషన్‌గా చాలాకాలం పేరు మోసింది. 1966 ఉద్యమంలో ప్రాణాలిచ్చి సాధించుకున్న మన ఉక్కు కర్మాగారానికి కూడా బైలాడిలా ఖనిజమే ఆధారం. అంటే ఉక్కునగరం కొలిమికి కూడా ఈ కొండల గుండెలోంచే దారి. 2017లో ఆ పట్టాల మీదే అద్దాల పైకప్పు విస్టాడోమ్ పెట్టె వచ్చింది. జలపాతాల దగ్గర పిల్లలు కేరింతలు కొట్టే ఆ ప్రయాణం నిజంగా గొప్పది, దాన్ని తక్కువ చేయను.

ఆ రైలు బొర్రా గుహల నెత్తిమీదుగా వెళ్తుంది. సున్నపురాయిని గోస్తనీ నీరు యుగాల తరబడి కరిగించి చేసిన గుహలవి. పైకప్పు నుంచి జారే ప్రతి బొట్టూ ఇంత సున్నం వదిలి పడుతుంది. అలా పైనుంచి ఊడలు దిగుతాయి, కింద నుంచి స్తంభాలు లేస్తాయి. చేత్తో తాకితే చర్మం జిడ్డు అంటుకుని ఆ పెరుగుదల ఆగిపోతుంది. గైడ్లు వద్దంటున్నా తాకేవాళ్లు తాకుతూనే ఉంటారు.

ఈ బొర్రా పంచాయతీ పరిసరాల్లోనే దేశం గుర్తుంచుకోవాల్సిన పోరాటం జరిగింది. గిరిజనుల భూముల్లో, అటవీ భూముల్లో కాల్సైట్ తవ్వకాలకు ప్రభుత్వం ప్రైవేటు వాళ్లకు లీజులిచ్చింది. సమత అనే సంస్థ కోర్టుకెక్కింది. హైకోర్టులో ఓడినా వదల్లేదు. 1997 జూలై 11న సుప్రీంకోర్టు, షెడ్యూల్డు ప్రాంతాల్లో ప్రభుత్వ భూమినైనా గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు గనులకివ్వడం చెల్లదని తీర్పు చెప్పింది. సమత తీర్పుగా దేశమంతా చెప్పుకొనేది ఇదే. ఆ తర్వాత బాక్సైట్ ముందుకొచ్చింది. గాలికొండ, రక్తకొండ, జెర్రెల పేర్లు పేపర్లకెక్కాయి. 2015 నవంబరులో ఆ తవ్వకాలకు అనుమతిస్తూ జీవో 97 వచ్చింది, మన్యం భగ్గుమంది, 2019లో ఆ అనుమతులు రద్దయ్యాయి. నగరంలో చాలామందికి అది ఎక్కడో కొండమీది గొడవ. కాదు. బాక్సైట్ పొర వానను పీల్చుకుని ఏడాది పొడవునా ఊటలుగా వదులుతుంది. అనంతగిరి కొండల్లో పుట్టిన గోస్తని తాటిపూడి జలాశయానికి చేరుతుంది, శారద రైవాడకు చేరుతుంది. ఆ రెండు జలాశయాల నీళ్లూ విశాఖ కొళాయిల్లోకి వస్తాయి. కొండమీద జనం తమ ఊట కోసం నిలబడితే, మన బిందె నిండింది.

కాఫీ కథ మాత్రం తలచుకుంటే సంతోషంగా ఉంటుంది. సిల్వర్ ఓక్ నీడన, మిరియాల తీగల మధ్య గిరిజన రైతులు పండించే అరకు అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంతకు రెండేళ్ల ముందే పారిస్‌లో అరకు పేరుతో దుకాణం వెలిసింది. చెట్టు నిలబెడితేనే ఆదాయం వచ్చే పంట కాబట్టి పోడుకు ఇది మంచి ప్రత్యామ్నాయమైంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఆ సిల్వర్ ఓక్‌లను కూల్చేసి కాఫీ రైతును నిలువునా ముంచింది. కంబాలకొండ ఆకు రాల్చుకుని బోడిగా నిలిచింది. వానలు పడ్డాక నాటు చెట్లు చిగురించాయి. నగర వీధుల్లో నీడ కోసమని తెచ్చిపెట్టిన పరాయి జాతి చెట్లు మాత్రం వేర్లతో సహా లేచి పడ్డాయి. ఏ చెట్టు నాటాలో ఆ రోజు మనకు బాగా తెలిసొచ్చింది.

2022 వేసవిలో ప్రత్తిపాడు వైపు ఒక పెద్దపులి కనపడింది. పశువులను చంపింది, పెట్టిన బోనుల్లో పడలేదు, అనకాపల్లి జిల్లా మీదుగా విజయనగరం జిల్లా దాకా నెలల తరబడి నడిచింది. జనం భయపడ్డారు, అది సహజం. కానీ ఆ పులి మనకొక పటం గీసి చూపించింది. పాపికొండల వైపు నుంచి ఒడిశా దాకా, తోటల మధ్య, గుట్టల వెంట, ఇంకా దారి మిగిలే ఉందని. గోదావరి పక్కన పాపికొండలు 2008లో జాతీయ ఉద్యానవనమయ్యాయి, వెయ్యి చదరపు కిలోమీటర్లకు పైబడి. విశాఖ వైపు కొండలకు ఆ హోదా లేదు. మాడుగుల, చోడవరం పల్లెల్లో ఆకులు పోగుచేసి గూడు కట్టుకుని గుడ్లు పెట్టే గిరినాగును ఒకప్పుడు కనపడగానే కొట్టి చంపేవారు. ఇప్పుడు ఈస్టర్న్ ఘాట్స్ వైల్డ్‌లైఫ్ సొసైటీ లాంటి వాళ్ల మాట విని గూటికి కాపలా కాసే రైతులున్నారు. హోదా లేకపోయినా ఇలా జరిగింది.

మరి పర్యాటకులుగా మనం చేస్తున్నదేమిటి? వంజంగిలో మేఘాలు చూడటానికి తెల్లవారుజామునే ఎక్కి సీసాలు, ప్లేట్లు వదిలి దిగుతున్నాం. అక్కడి ఆడవాళ్లు అడ్డాకులు కోసి, పుల్లలతో కుట్టి విస్తళ్లు అమ్ముతుంటే, మనం థర్మోకోల్ ప్లేటు మోసుకెళ్తున్నాం. కంబాలకొండ చుట్టూ మధురవాడ, ఆరిలోవ, అడవివరం వైపు నుంచి ఇళ్లు అడవి గోడను తాకుతున్నాయి. చెత్త పెరిగితే కుక్కలు పెరుగుతాయి, కుక్కల కోసం చిరుత దిగుతుంది, అప్పుడు చిరుత ఊళ్లోకొచ్చిందని వార్త వస్తుంది.

అందుకని నా విన్నపాలు ఇవి. కంబాలకొండకూ సింహాచలం కొండలకూ మధ్య మిగిలిన పచ్చదనాన్ని బృహత్ ప్రణాళికలో కట్టడాలకు వదలకండి. రాత్రిపూట ఆ అడవి రోడ్ల మీద వేగానికి కళ్లెం వేయండి. అనంతగిరిలో, వంజంగిలో, లంబసింగిలో రోజుకు ఎన్ని బళ్లు ఎక్కవచ్చో ఆ ఊరి గ్రామసభను అడిగి తేల్చండి, వచ్చే రుసుము అక్కడే ఖర్చుపెట్టండి. ఇక కొండకు బయల్దేరే మీకు ఒక మాట: స్టీలు సీసాలో నీళ్లు పట్టుకెళ్లండి, భోజనం అడ్డాకు విస్తట్లో తినండి, తెచ్చిన చెత్త తిరిగి ఇంటికి పట్టుకురండి.