రికార్డు తిప్పి చూసేవాళ్లేరీ?

నా బడి చదువంతా తమిళ మీడియం, రాతలో తప్పులుంటే సర్దుకొని చదవండి.

పోయిన నెల మన పద్మానగర్ దగ్గర ఒక భంగార్ దుకాణంలో, తుక్కు కింద పోయే సాంచాల సామాను పక్కన, చిన్న 45 రికార్డు ఒకటి దొరికింది. కుక్క బొమ్మ హెచ్‌ఎంవీ. అన్నీ హిందీ సినిమా పాటలే, కానీ పాడేవాళ్లు లేరు. అంతా ఎలక్ట్రిక్ గిటారు. వాయించింది వాన్ షిప్లే.

ఈయనది లక్నో. బొంబాయికి వచ్చి రాజ్ కపూర్ 'బర్సాత్' (1949)కు వయొలిన్ వాయించాడు. ఎనిమిది తీగల ఎలక్ట్రిక్ గిటారుకు తానే రూపం గీసుకున్నాడు. పక్కన చాలాసార్లు పుణె ఇనాక్ డేనియల్స్ గారి అకార్డియన్. మా వయసువాళ్లలో ఈ గిటారు వినని చెవి ఉండదు, పేరు మాత్రం తెలియదు. రేడియోలో వార్తలకు ముందు రెండు నిమిషాలు మిగిలితే ఇలాంటి ముక్క వేసి పూడ్చేవారు. పేరు చెప్పేలోపే వార్తలు మొదలు!

అమెరికాలో ఈ పూడ్చే పని రికార్డు వెనకవైపుది. ముందువైపు కంపెనీ నమ్ముకున్న పాట, వెనక చేతికొచ్చిన వాయిద్యం. 1962లో 'గ్రీన్ ఆనియన్స్', 1963లో 'వైపౌట్' మొదట అలా వెనకవైపు వేసినవే. రేడియోవాళ్లు తిప్పి వేశారు కాబట్టి బతికాయి. తిప్పనివి ఎన్ని పోయాయో! 1958లో లింక్ రే వాయించిన 'రంబుల్'లో ఒక్క మాట లేదు, అయినా కుర్రాళ్లు కొట్టుకుంటారని కొన్ని రేడియోలు వేయనన్నాయి. తెల్ల కాగితానికి మెమో ఇచ్చినట్టు.

మన దేశంలో రాక్ అండ్ రోల్ ఎక్కువమందికి చేరింది సినిమా వాకిట్లోంచే. 1965 'గుమ్‌నామ్'లో శంకర్ జైకిషన్ సంగీతానికి టెడ్ లయన్స్ బృందం చేసిన హంగామా గుర్తుందా? 2001లో 'ఘోస్ట్ వరల్డ్' అనే అమెరికా సినిమా ఆ డాన్సుతోనే మొదలైంది. 2008లో సియాటిల్‌కు చెందిన సబ్లైమ్ ఫ్రీక్వెన్సీస్ కంపెనీ 'బాలీవుడ్ స్టీల్ గిటార్' అని ఒక సంకలనం తెచ్చింది, అందులో వాన్ షిప్లే ఉన్నాడు. అదే ఏడాది ముంబైలో ఆయన కన్నుమూశాడు.

మా నాయన ట్రంకుపెట్టెలో ఇలాంటి రికార్డులు ముప్పై దాకా ఉండేవి. ఇల్లు మారేటప్పుడు నేనే కిలో లెక్కన అమ్మేశాను. ఇంకొకరిని అనడానికి లేదు. మీ ఇళ్లలో ఉంటే భంగారుకు వేసేముందు రెండువైపులా పేర్లు కనిపించేలా ఫోటో తీసి నాకు పంపండి. ఆదివారం ప్లేయరు సంఘం ఆఫీసుకు తెస్తాను. సూది కొత్తదే. రెండో పాట దగ్గర కాస్త ఎగురుతుంది, అంతే.