రూకకు భోజనం, తాడిచెట్టు కింద కల్లు

ఐరిష్ తరహా పబ్‌లో రాత్రి భోజనం చేయాలంటే జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వాళ్లు హైదరాబాద్ దారి పట్టాల్సిందే. జూబ్లీహిల్స్‌కో గచ్చిబౌలికో వెళ్లి, మసక వెలుతురులో చెక్కబల్లల మధ్య కూర్చొని వచ్చినవాళ్లు ‘‘ఇందులో కొత్తేముంది, మన కల్లు మండువలాంటిదే గదా’’ అంటుంటారు. మాట వినసొంపుగానే ఉంది. నిలుస్తుందా అన్నది మాత్రం ఆధారాలు చూసి తేల్చుకోవాలి. తాగడం, తినడం, పొద్దుపోయేదాకా నలుగురితో కూర్చోవడం: ఈ మూడూ ఒకే కప్పు కింద జరిగితే అది పబ్. ఓరుగల్లు నేలలో ఈ మూడూ ఎప్పుడు ఒకచోట కలిశాయి?

ఈ మూడు జిల్లాలూ 2016 అక్టోబరు 11న ప్రధానంగా పాత వరంగల్ జిల్లా నుంచి విడివడ్డాయి. కాబట్టి వెతుకులాట ఓరుగల్లుతోనే మొదలుపెట్టాలి. నగరంలో తిరుగుడుకు తెలుగులో మనకున్న నిండైన వర్ణన వినుకొండ వల్లభరాయుడి ‘క్రీడాభిరామం’. గోవిందమంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు స్నేహితులు ఓరుగల్లు వీధులన్నీ తిరుగుతారు. కోడిపందేలు చూస్తారు, పొట్టేళ్ల పోరు చూస్తారు, ఏకవీర గుడి దగ్గర ఆగుతారు, వేశ్యావాటికలో చెప్పుకోవాల్సినవీ చెప్పుకోకూడనివీ చూస్తారు. ఇంత తిరిగినవాళ్లకు ఆకలి వేయకుండా ఉంటుందా? లక్ష్మణవజ్ఝల ఇంట్లో పూటకూటి భోజనం సంగతి అక్కడే వస్తుంది. ధర ఒక్క రూక. కప్పురభోగి బియ్యపు అన్నం, గోధుమపిండి వంటకం, గుప్పెడు పంచదార, అప్పుడే కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు నంజుళ్లు, గడ్డపెరుగు. వంటకాల జాబితా, ధర, ఇంటివాడి పేరు మూడూ ఒకే పద్యంలో దొరకడం చరిత్ర రాసేవాళ్లకు పెద్ద అదృష్టం. అందుకే సురవరం ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’లో కాకతీయుల కాలపు జనజీవనానికి ఈ కావ్యాన్ని ఆధారంగా వాడుకున్నారు.

అయితే ఈ సాక్ష్యాన్ని కొంచెం తూచి తీసుకోవాలి. క్రీడాభిరామం రావిపాటి త్రిపురాంతకుడి సంస్కృత ‘ప్రేమాభిరామం’ ఆధారంగా పుట్టిన తెలుగు వీథి. మూలం కాకతీయ రాజ్యపు చివరి రోజులది అంటారు. తెలుగు చేసిన వల్లభరాయుడు విజయనగర రాజుల కాలంవాడు, అంటే 1323లో ఓరుగల్లు పడిపోయిన తర్వాతివాడు. కర్త శ్రీనాథుడేనని వేటూరి ప్రభాకరశాస్త్రి వాదించారు కూడా. ఆ ‘రూక’ కాకతీయ ప్రతాపరుద్రుడి నాటి ధరా, తెనిగించిన కవి కాలపు ధరా అన్నది పద్యం ఒక్కదాన్ని పట్టుకొని చెప్పలేం. పైగా అది హాస్యం, శృంగారం కలిసిన రూపకం. ఊళ్లోని గొప్పల్ని పెంచి చెప్పడం దాని నైజం. ఇన్ని అనుమానాలు పోగా ఒకటి మిగులుతుంది. డబ్బు పుచ్చుకొని ఊరికి కొత్తవాడికి కడుపునిండా అన్నం పెట్టే ఇల్లు నగరంలో ఉండడం ఆనాటి శ్రోతకు వింతగా తోచలేదు. ఆ భోజనంలో కల్లుగానీ మాంసంగానీ లేవు. అది బ్రాహ్మణ గృహం కాబట్టి ఉంటాయని ఆశించకూడదు కూడా. తిండికి ఒక ఇల్లు ఉంది. తాగుడు ఆ గడప తొక్కలేదు.

తాగుడు చోటు చెట్టును అంటిపెట్టుకొని ఉంది. దీనికి రుచికంటే రసాయనమే పెద్ద కారణం. తాడి గెల నుంచో ఈత మాను నుంచో కారే తీపి రసం లొట్టిలో పడగానే ఈస్టులూ బాక్టీరియా పనిలోకి దిగుతాయి. కొన్ని గంటల్లో అందులో ఆల్కహాలు సుమారు 4, 5 శాతానికి చేరుతుంది, మర్నాటికి పుల్లబడిపోతుంది. లొట్టికి సున్నం పూసి పులవకుండా ఆపితే నీరా అవుతుంది, దాన్నీ చల్లగా ఉంచాల్సిందే. పీపాలో నింపి నెలల తరబడి దాచే సరుకు కాదిది. కాబట్టి తాగేవాడే చెట్టు దగ్గరికి రావాలి. కల్లు పారే తాళ్లు, అంటే పరుపుతాళ్లు, పోతుతాళ్లు, పండుతాళ్లు, కాలాన్ని బట్టి మారతాయి, వాటితోపాటే మండువ జోరూ మారుతుంది. మోకు, ముస్తాదుతో గౌడన్న దిగేసరికి వాడిక ఉన్నవాళ్లు తాటాకు రేకలతో సిద్ధంగా ఉంటారు. తినడానికి ఉడకేసిన గుడాలు, పల్లీలు, కాల్చిన ఎండుచేపలు. కొన్నిచోట్ల పక్కనే బోటి కూర అమ్మే ఆడవాళ్లు. గమనించాల్సిందేమిటంటే, ఆ తిండి కల్లు అమ్మేవాడిది కాదు. కల్లుతో నంజుకునే ‘స్టఫ్’ వేరేవాళ్ల వ్యాపారం, లేదంటే ఇంటి నుంచి తెచ్చుకున్న మూట.

మండువను సరదాల చోటుగా మాత్రమే గుర్తుపెట్టుకునేవాళ్లకు జనగామ చరిత్ర అడ్డం వస్తుంది. నిజాం కాలంలో జనగామ నల్లగొండ జిల్లాలో తాలూకా. దొరలకు వ్యతిరేకంగా సాగిన తెలంగాణ పోరాటంలో దొడ్డి కొమరయ్య ప్రాణం పోయింది ఇక్కడి కడవెండిలోనే, 1946 జులై 4న. దొరలకోసం గీతకార్మికులు కొన్ని చెట్లను విడిగా ఉంచి, రోజూ కల్లు గడీకి మోసుకెళ్లాల్సి వచ్చేదని పుచ్చలపల్లి సుందరయ్య 1972లో అచ్చయిన తెలంగాణ పోరాట గ్రంథంలో వెట్టి రకాల మధ్య చెప్పారు. అది ఉద్యమ నాయకుడి రచన, నిష్పక్షపాత నివేదిక కాదు. అయినా దాన్నిబట్టి ఒకటి తెలుస్తుంది: అందరూ ఒకే నీడన కూర్చొని తాగలేదు. పెద్దవాళ్లకు కల్లు ఇంటికి నడిచివెళ్లింది, మండువ మిగతావాళ్లది. ఖిలాషాపురం సర్వాయి పాపన్న గీత కులంలో పుట్టి కోటలు కట్టడం ఈ నేపథ్యంలోనే జనం నోట కథగా నిలిచిందేమో. ఇది నా ఊహ మాత్రమే.

ఇక పోలికలో రెండో వైపు. మనం చూసే ఐరిష్ పబ్ ఐర్లండ్ పల్లెల నుంచి నేరుగా నడిచివచ్చినది కాదు. అక్కడి పాత పబ్బుల్లో చాలావాటికి ముందు భాగంలో కిరాణా కొట్టు ఉండేది. కూర్చోబెట్టి భోజనం వడ్డించడం తర్వాత పెరిగిన అలవాటు. 1990లో డబ్లిన్‌లో మొదలైన ఐరిష్ పబ్ కంపెనీ పల్లె ఇల్లు, కొట్టు, విక్టోరియన్ గది అంటూ నమూనాలు గీసి, చెక్కపనితో సహా తయారుచేసి దేశదేశాలకు పంపింది. బీరు అమ్మకం పెరుగుతుంది కాబట్టి గిన్నిస్ సంస్థ దీనికి ఊతమిచ్చింది. అంటే మనవాళ్లు మండువతో పోలుస్తున్నది ఓడల్లో పంపగలిగే వాతావరణాన్ని. మండువలోని సరుకు పక్క మండలానికి పోయేలోపే రుచి మారుతుంది. ఈ ఒక్క తేడాతోనే పోలిక చాలావరకు వీగిపోతుంది.

నేడు జిల్లాల్లో తాగుడూ తిండీ కలిసే చోటు వైన్‌షాపు పక్కనున్న పర్మిట్ రూమ్. ప్లాస్టిక్ కుర్చీలు, పల్లీలు, ఉడికించిన గుడ్లు, ఒక మూల ఫ్యాను. దాన్ని పుట్టించింది లైసెన్సు నిబంధనే తప్ప జనం సంప్రదాయం కాదు. 2021 మద్యం విధానంలో తెలంగాణ ప్రభుత్వం వైన్‌షాపుల్లో 15 శాతం గౌడ కులస్థులకు, 10 శాతం ఎస్సీలకు, 5 శాతం ఎస్టీలకు కేటాయించింది. చెట్టు ఎక్కే కులానికి సీసా అమ్మే హక్కు అలా వచ్చింది. మహబూబాబాద్ జిల్లాలోని కొత్తగూడ, గంగారం లాంటి ఏజెన్సీ మండలాల్లో లెక్క వేరు. గిరిజన షెడ్యూల్డ్ ప్రాంతాలకు వర్తించే 1996 నాటి పెసా చట్టం మత్తు పదార్థాల అమ్మకాన్ని నియంత్రించే, నిషేధించే అధికారాన్ని గ్రామసభ చేతికిచ్చింది. ఆ అధికారం వాడుకుంటే పబ్‌ను రానివ్వాలో వద్దో ఊరే తేలుస్తుంది.

కల్లును కీర్తించేవాళ్లు ఒక చేదు నిజాన్ని దాటవేయకూడదు. 2025 జులైలో కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయారు. ఆల్ప్రాజోలం, డైజెపామ్, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తుమందులు కలపడం తెలంగాణలో ఏళ్లుగా ఉన్న జబ్బు. చెట్టుకూ తాగేవాడికీ మధ్య దూరం పెరిగేకొద్దీ కల్తీకి సందు పెరుగుతుందనడం తర్కానికి నిలుస్తుంది, కానీ చెట్టు కింద తాగితే ప్రమాదమే లేదనడానికి అది చాలదు.

అందుబాటులో ఉన్న ఆధారాలు ఇంతవరకే తీసుకెళ్తాయి: నలుగురు కూడే చోటుగా మండువకూ పబ్‌కూ పోలిక ఉంది, తిండి, యాజమాన్యం, సరుకు విషయాల్లో లేదు. పూటకూటి ఇంటికి తాగుడుతో సంబంధం లేదు. కాబట్టి ‘మండువే మన పబ్’ అన్నది పోలికగా చెల్లుతుంది, చరిత్రగా చెల్లదు. రేపు వరంగల్ హైవే మీద ఏ రిసార్టయినా ‘సంప్రదాయ కల్లు మండువ’ అని బోర్డు పెడితే, మెనూ చూడకముందు ఒక్క మాట అడగండి: ఆ కల్లు ఏ ఊరి గీత సంఘం చెట్లది, గీసిన మనిషికి ఎంత ముడుతోంది?