పుట్టి, గాలం, బెండు: మూసీ తీరంలో చేపల వేట పరికరాల చరిత్ర

తెలంగాణ చెరువుల చరిత్రకు ఆధారాల కొరత లేదు. చెరువును ఎవరు తవ్వించారు, ఏ దేవుడికి ఎంత భూమి ఇచ్చారు, దశబంధ మాన్యం ఎవరికి దక్కింది అన్న వివరాలు మధ్యయుగ శాసనాల్లో విరివిగా దొరుకుతాయి. ఆ నీటిలో దినమూ దిగిన మనిషి దేనిమీద కూర్చున్నాడు, ఏ దారానికి ఏ ముల్లు కట్టాడు అన్న ప్రశ్న వేస్తే మాత్రం అవి దాదాపు మౌనం వహిస్తాయి. ఈ మౌనం యాదృచ్ఛికం కాదు. దానానికో పన్నుకో సంబంధించినదే రాతికి ఎక్కుతుంది. వెదురు, తోలు, జనుము వంటి వాటితో ఇంటి ముంగిట చేసుకుని, పాడైతే పారవేసే వస్తువు ఏ లెక్కలోకీ రాదు. నీటి తేమకు అది పుచ్చిపోతుంది కనుక పురావస్తు తవ్వకాల్లోనూ దాని జాడ అరుదు.

హైదరాబాదు తూర్పు అంచున ఉన్న నాగోల్, ఉప్పల్, నాచారం ప్రాంతం ఈ ప్రశ్నను పరిశీలించడానికి తగిన చోటు. ఉప్పల్‌కూ నాగోల్‌కూ నడుమ మూసీ ప్రవహిస్తుంది. ఉప్పల్‌కు నల్లచెరువు ఉంది, నాచారానికి దాని చెరువు ఉంది. నదీ చెరువూ పక్కపక్కనే ఉన్న ఈ పల్లెలు రెండు తరాల వ్యవధిలో నగరంలో కలిసిపోయాయి. చిన్న పడవను సిద్ధం చేసుకోవడం, గాలాన్ని ఇంట్లో కట్టుకోవడం అనే రెండు పనులకు ఇటువంటి చోట ఏమైందన్నదే ప్రస్తుత వ్యాస విషయం.

పరుల చేతిలోని పరికరం

లిఖిత ఆధారాలు అసలే లేవనడం సరికాదు. ఉన్నవాటికి ఒక లక్షణం ఉంది. పరికరం జాలరి చేతిలోంచి మరొకరి చేతిలోకి వెళ్ళినప్పుడే అది గ్రంథస్థమైంది.

కల్యాణి చాళుక్య ప్రభువు మూడవ సోమేశ్వరుడు (పాలన 1126–1138) సంస్కృతంలో కూర్చిన మానసోల్లాసం ఇందుకు తొలి నిదర్శనం. నేటి తెలంగాణలో చాలా భాగం ఆనాడు ఆ రాజ్యంలోనిదే. కొల్లిపాక ఏడువేల నాడుకు కేంద్రమైన కొలనుపాక నాగోల్‌కు దూరమేమీ కాదు. ఆ గ్రంథంలోని మత్స్యవినోదం అనే భాగం చేపల రకాలను, వాటికి వేయవలసిన మేతను, గాలాన్ని, తాడును, కర్రను వర్ణిస్తుంది. జంతుశాస్త్రవేత్త సుందర్‌లాల్ హోరా 1951లో ఈ భాగాన్ని పరిశీలించి ఆసియాటిక్ సొసైటీ పత్రికలో వ్యాసం ప్రకటించిన తరువాతే చేపల శాస్త్రం చదివినవారి దృష్టి దానిమీద పడింది. వర్ణన విపులమైనదే. అయితే అక్కడ గాలం వేసేవాడు రాజు, వేట ఒక వినోదం. ఆ గాలాన్ని వంచినవాడు, ఆ తాడును పేనినవాడు ఆ గ్రంథానికి అక్కరలేదు.

పుట్టి కథా ఇంతే. 1520 ప్రాంతంలో విజయనగరాన్ని చూసిన డొమింగో పయస్ అక్కడ మనుషులను, గుర్రాలను, ఎద్దులను నది దాటించే గుండ్రని తోలు పడవలను వర్ణించాడు. పదిహేడవ శతాబ్దిలో గోల్కొండ రాజ్యంలో తిరిగిన వజ్రాల వర్తకుడు తవెర్నియే కృష్ణానదిని దాటేటప్పుడు, ఎద్దు తోళ్ళు కప్పిన పెద్ద గంపల వంటి పడవల్లో సరుకు తడవకుండా అడుగున కట్టెలు పరిచి పైన తివాచీ వేయడాన్ని గమనించాడు. 1803లో దక్కనులో యుద్ధం నడిపిన ఆర్థర్ వెల్లెస్లీ, సైన్యం నదులు దాటడానికి ఇవే గంప పడవలను తయారు చేయించే విషయమై తన లేఖల్లో ఆదేశాలిచ్చాడు. రాజధాని, వర్తకం, సైన్యం అనే మూడు అవసరాలు పుట్టిని కాగితం మీదికి తెచ్చాయి. ఒక మనిషి బోర్లించి నెత్తిన పెట్టుకుని చెరువుకు నడిచిపోగల చిన్న పుట్టి మాత్రం వీరెవరి రాతలోనూ కనిపించదు. మద్రాసు సివిల్ సర్వీసు అధికారి హెన్రీ సల్లివన్ థామస్ 1887లో భారతదేశపు చెరువుల్లో గాలం వేట గురించే ప్రత్యేకంగా ఒక పుస్తకం ప్రచురించాడు. అది కూడా సెలవు దినాన కర్ర పట్టిన దొరల కోసం రాసినదే. ఏడున్నర శతాబ్దాల ఎడంలో సోమేశ్వరుడూ థామసూ ఒకే గట్టున కూర్చున్నారనిపిస్తుంది.

మాటల సాక్ష్యం

జాలరి స్వయంగా విడిచిన దస్తావేజు అతని మాటే. సంస్కృత బడిశం కావ్యభాషకే పరిమితమైంది. నీటి దగ్గర నిలిచినది గాలం. కన్నడంలోని గాళంతో కలిపి చూస్తే ఇది దక్షిణాది సొంత మాటగా కనిపిస్తుంది. ఎర మరింత ఆసక్తికరమైన పదం. గాలానికి గుచ్చేది ఎర. తెలంగాణ వాడుకలో ఎర్ర అంటే వానపాము. రెండూ ఒకే కుదురు నుంచి వచ్చాయనుకోవడానికి వీలుంది. అదే నిజమైతే ఈ నేలమీద గాలానికి గుచ్చిన తొలి వస్తువేమిటో పదమే చెబుతున్నది. ఎర వేయడం, గాలానికి చిక్కడం అన్న పలుకుబళ్ళు నేటి రాజకీయ వార్తల్లో సైతం వినిపిస్తూనే ఉన్నాయి, రాసేవారు గాలాన్ని ముట్టుకుని ఉన్నా లేకున్నా.

పుట్టి విషయంలో కొంత జాగ్రత్త అవసరం. పుట్టి ఇరవై తూముల ధాన్యపు కొలత కూడా. గంప ఆకారాన్ని బట్టి కొలతనూ పడవనూ ముడిపెట్టాలని మనసు ఉబలాటపడుతుంది గానీ, రూపసామ్యం ఒక్కటే వ్యుత్పత్తికి చాలదు. ఇదే పడవకు నిఘంటువులు అరిగోలు అన్న పేరునూ ఇస్తున్నాయి. అది కన్నడ హరిగోలుకు చుట్టం. మూడవ మాట బెండు. జీలుగు మొక్క లోపలి తేలికైన తెల్లని గుజ్జును బెండు అంటారు. గాలపు దారానికి కట్టే తేలుడు ముక్కకూ అదే పేరు. వస్తువు పేరే పనిముట్టు పేరైంది.

తయారీ

పుట్టి నిర్మాణంలో మేదరి పని, తోలు పని, బెస్తల నీటి అనుభవం కలుస్తాయి. వెదురును బద్దలుగా చీల్చి, అడుగు భాగాన్ని నేలమీద పరిచి అల్లి, బద్దల కొసలను పైకి వంచి గోడగా అల్లుతారు. అంచు దగ్గర బద్దలను కట్టలుగా చుట్టి బిగిస్తారు. పుట్టి బలమంతా ఆ అంచులోనే ఉంటుంది. పైన ఒకప్పుడు ఎద్దు తోలో గేదె తోలో కప్పి కుట్టేవారు. తోలు నీటిలో మెత్తబడుతుంది, ఎండకు బిగుస్తుంది. కాబట్టి వేట ముగిశాక పుట్టిని ఒడ్డున బోర్లించి ఆరబెట్టడం తప్పనిసరి, ఆరబెట్టని తోలు కుళ్ళుతుంది. అడుగు బల్లపరుపుగా ఉండడంతో జానెడు నీరున్నా పుట్టి తేలుతుంది. వర్షాకాలంలో పొంగి, తరువాత రాతిగుండ్ల నడుమ మడుగులుగా మిగిలే మూసీ వంటి నదికి కొయ్య పడవ కంటే ఇదే అనుకూలం. రాయి తగిలినా వెదురు వంగుతుంది, విరగదు. దీన్ని నడపడం వేరే విద్య. ముందు భాగాన కూర్చుని తెడ్డుతో నీటిని తనవైపు లాక్కోవాలి. పక్కన తెడ్డు వేస్తే పుట్టి ఉన్నచోటే గిరగిరా తిరుగుతుంది.

తోలు స్థానంలోకి తారు పూసిన గుడ్డ వచ్చింది, తరువాత విప్పి కుట్టిన ఎరువుల సంచులు వచ్చాయి. సంచి ప్లాస్టిక్ అల్లికమీద తారు పూస్తే తోలు కంటే తేలికగా ఉంటుంది, ఆరబెట్టే పని తప్పుతుంది. నాగార్జునసాగర్ జలాశయంలో వేట సాగించే కుటుంబాల పుట్టి ఇటువంటిదే. జంటనగరాల చుట్టుపక్కల చెరువుల్లో మరొక మెట్టు దాటింది: థర్మకోల్ దిమ్మెలను సంచుల్లో చుట్టి, తాళ్ళతో బిగించి, పైన కూర్చుని వల వేస్తున్నారు. దీనికి పుట్టి అన్న పేరు రాలేదు, తెప్ప అన్న పేరు వచ్చింది. నిర్మాణ రీత్యా ఆ పేరే సరైనది. పుట్టి లోపల డొల్లగా ఉండి తేలుతుంది. తెప్ప తన పదార్థం తేలిక కావడం వల్ల తేలుతుంది. చదువు లేని శాస్త్రజ్ఞత ఇక్కడ కనిపిస్తుంది. కోస్తాలో ఇందుకు భిన్నంగా జరిగింది. దుంగలు కట్టిన తెప్ప స్థానంలో ఫైబర్‌గ్లాస్ పడవ వచ్చింది, దానికి మోటారు బిగించారు. అది కట్టిన దుంగల కూర్పు కాదు, అచ్చుపోసిన పడవ. అయినా దాని పేరు ఫైబర్ తెప్పే.

గాలానిదీ ఇదే దారి. జనుప దారం నైలాను అయింది. కొచ్చిలో కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ 1957లో ఏర్పడిన నాటినుంచి కృత్రిమ నూలు మీద జరిగిన ప్రయోగాలు ఈ మార్పుకు ఊతమిచ్చాయి. కమ్మరి కొలిమి దగ్గర వంచుకున్న ముల్లు పోయి ఇంగ్లండులోని రెడిచ్ నుంచి, నార్వేలోని మస్టాడ్ కర్మాగారం నుంచి నంబర్ల వారీగా ముళ్ళు వచ్చాయి. మస్టాడ్ వారు ముళ్ళను యంత్రంతో చేయడం మొదలుపెట్టింది 1877లో. బెండు స్థానంలో అరిగిపోయిన రబ్బరు చెప్పు ముక్క వచ్చింది. దాన్ని కోసి దారానికి గుచ్చినా అది బెండే.

ఎర విషయంలో మార్పు పదార్థంతో ఆగలేదు. వానపాము వాసనకు జెల్ల వస్తుంది. కొర్రమట్ట అలా కాదు. అది గాలి పీల్చడానికి నీటిపైకి వచ్చే చేప, పైన కదిలేదాన్ని చూసి ఎగబడుతుంది. అందుకే కప్పను గుచ్చి నీటిమీద ఎగరేస్తూ లాగడం పాత పద్ధతి. 2016లో కొరమీనును తెలంగాణ రాష్ట్ర చేపగా ప్రకటించారు గనుక ఈ కప్ప వేటకు ఒక మర్యాద దక్కిందనుకోవచ్చు. వాసనతో కాక కదలికతో చేపను భ్రమింపజేయడమే నేడు జిగ్ అని పిలిచే పరికరపు సూత్రం కూడా. ముల్లు కాడ చుట్టూ సీసపు తల పోసి, వెనుక ఈకలో దారపు పోగులో కట్టి, కిందికి వదిలి పైకి ఎగలాగుతారు. సీసం 327 డిగ్రీల సెల్సియస్ దగ్గరే కరుగుతుంది కాబట్టి ఇంటి పొయ్యిమీద పోత పోయడం సాధ్యమే, ఆ పొగ ఊపిరితిత్తులకు చేటైనా. దారం కట్టే కన్ను సీసపు తల పైభాగాన ఉండడం వల్ల ముల్లు మొన పైకి తిరిగి ఉంటుంది, అడుగున రాళ్ళకూ నాచుకూ అంత సులువుగా తగులుకోదు. సముద్రంలో ఈ సూత్రం జాలరులకు కొత్త కాదు. గాలంతో సూర చేపను పట్టడంలో పేరుపొందిన పూడిమడక వంటి ఊళ్ళున్న ఉత్తర కోస్తాలో మెరిసే రేకు, రంగు దారాలు ఎరగా వాడుకలో ఉన్నాయి. చెరువు గట్టున మాత్రం అటువంటి ఎరకు పాత తెలుగు పేరు కనిపించదు. కృత్రిమ ఎర అన్నది పుస్తకాల మాట. నగరపు కుర్రవాళ్ళు దుకాణంలో కొనే రబ్బరు కప్పను ఫ్రాగ్ అనే అంటున్నారు. పుట్టి, గాలం, బెండు పదార్థం మారినా పేరు నిలుపుకున్నాయి. ఎర పదార్థం మారగానే పేరు పోగొట్టుకుంది. మొదటి మూడింటినీ జాలరి తన ఇంట్లో తానే మార్చుకున్నాడు. నాలుగవది అంగడి నుంచి తయారై, పేరుతో సహా వచ్చింది. తేడా అక్కడుంది.

నీరు

వృత్తిపదాల చర్చల్లో ఒక వాదన తరచు వినిపిస్తుంది: యంత్రం వచ్చి చేతిపనిని చంపింది, పనితోపాటు మాట పోయింది. 1971లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ వెలువరించిన చేనేత పదకోశాన్ని చూసినప్పుడు ఆ వాదన బలంగానే తోస్తుంది. మూసీ ఒడ్డున చేపల వేటకు అది సరిపోదు. పైన చూసిన మార్పుల్లో ఏదీ పనితనాన్ని చంపలేదు. చెప్పును బెండుగా, సంచిని తోలుగా మార్చుకున్న చెయ్యి చచ్చిన చెయ్యి కాదు. నాగోల్ దగ్గర చచ్చింది నీరు.

1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరద తరువాత నగర రక్షణకై ఎగువన కట్టిన ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. వరద ఆగింది, దానితోపాటు దిగువకు వచ్చే మంచినీటి ప్రవాహమూ సన్నగిల్లింది. చేప గుడ్లు పెట్టడానికి ఏటికి ఎదురీదేది కొత్త నీటిలోనే. ఆ ఖాళీని నగరపు మురుగు, ఉప్పల్, నాచారం వంటి పారిశ్రామిక వాడల వ్యర్థజలం క్రమంగా నింపాయి. ఒకప్పుడు వేసవిలో మడుగులుగా విడిపోయే నది ఇప్పుడు ఏడాది పొడవునా పారుతున్నది. పారేది నది కాదు. జాతీయ నదీ సంరక్షణ పథకం కింద నాగోల్‌లో రోజుకు 172 మిలియన్ లీటర్లు, నల్లచెరువు దగ్గర 30 మిలియన్ లీటర్లు శుద్ధి చేసే కేంద్రాలు కట్టారు. ఊరి పేరు, చెరువు పేరు మురుగు శుద్ధి కేంద్రాల పేర్లయ్యాయి. ఉప్పల్ దిగువన పీర్జాదిగూడ, పర్వతాపురం పొలాల్లో ఈ నీటితోనే పశువుల గడ్డి పెంచుతున్నారు. అంతర్జాతీయ జల నిర్వహణ సంస్థ పరిశోధకులు ఆ గడ్డి సేద్యాన్ని అధ్యయనం చేశారు. మురుగు నుంచి సైతం బతుకుతెరువు పిండుకున్న రైతు ఆ విధంగా పరిశోధనలోకి ఎక్కాడు. గడ్డి మురుగును తట్టుకుంది. కొర్రమట్ట గాలి పీల్చి కొంత తట్టుకుంటుందేమో గానీ, రవ్వకూ బొచ్చెకూ ఆ వెసులుబాటు లేదు.

2007లో ఉప్పల్ కలాన్ పురపాలక సంఘం మహానగరపాలక సంస్థలో కలిసింది. 2017 నవంబరులో మెట్రో రైలు నాగోల్ దాకా నడిచింది. 2016 నుంచి ప్రభుత్వం చెరువుల్లో ఉచితంగా వదులుతున్న చేపపిల్లలు వల వేయగల నీరున్న చోటికే చేరతాయి. అక్కడ మత్స్య సహకార సంఘాల సభ్యులు థర్మకోల్ తెప్పమీద కూర్చుని, సీసపు గుండ్లు కట్టిన వలను విసురుతున్నారు. ఈ ప్రాంతపు వృత్తిపదాలను సేకరించబోయే పరిశోధకులు మాటను రాసుకునేటప్పుడు దాని పక్కన మరో రెండు వివరాలు నమోదు చేయవలసి ఉంటుంది: వస్తువును దేనితో చేశారు, ఏ నీటిలో వాడారు. నాగోల్‌లో పుట్టి అన్న మాట చెప్పగలవారు దొరకవచ్చు. దాన్ని దింపిన మడుగు ఎక్కడని అడిగితే వారు చేయి చూపించవలసింది వంతెన కిందికే.