ఆరోగ్య బీమా: నాడు - నేడు

ఆసుపత్రి ఖర్చులకు 'మెడిక్లెయిమ్' పాలసీ మన దేశంలో 1986లో వచ్చింది. నాలుగు ప్రభుత్వ కంపెనీలే అమ్మేవి. నిబంధనలు ఇంచుమించు ఒకటే కనుక పోల్చి చూసే పని ఉండేది కాదు. 2000 తరువాత ప్రైవేటు కంపెనీలు రావడంతో బేరీజు తప్పనిసరైంది.

ప్రభుత్వ పింఛనుదారులమైన మనకు 2013 నుండి హెల్త్ కార్డులున్నవి. ప్రైవేటు కొలువుల్లోని మన పిల్లల గ్రూపు బీమా సాధారణంగా ఉద్యోగంతోనే ముగుస్తుంది. వారు ముందుగా ఇ.ఎస్.ఐ. అర్హత చూసుకోవాలి. కనీసం అయిదేళ్లు బీమాలో ఉండి విరమణ పొందితే, ఏటా 120 రూపాయలకే దంపతులకు వైద్యం లభిస్తుంది. రాజమండ్రిలో ఇ.ఎస్.ఐ. ఆసుపత్రి ఉన్నది.

ఆ అర్హత లేనివారికి 2020లో వచ్చిన 'ఆరోగ్య సంజీవని' మంచి తూకపురాయి. ఏ కంపెనీలోనైనా షరతులు ఒకటే, ప్రీమియమే వేరు. అయితే క్లెయిములో 5 శాతం మనమే భరించాలి. ఫ్లోటరు పాలసీకి ఇంట్లో పెద్దవారి వయస్సే లెక్క. దంపతుల వయస్సులో తేడా ఎక్కువైతే విడి పాలసీల ధర కూడా అడగాలి.

పాత జబ్బులకు నిరీక్షణ గడువు 2024 నుండి గరిష్ఠంగా మూడేళ్లు. కనుక 58కి విరమించేవారు 55 దాటకముందే పాలసీ తీసుకోవడం శ్రేయస్కరం. 2025 సెప్టెంబరు 22 నుండి వ్యక్తిగత పాలసీలపై 18 శాతం జి.ఎస్.టి. కూడా తొలగింది. ఈ సంగతులు పిల్లలకు చదివి వినిపించగలరు.