మదనపల్లెలో నేర్చిన బెంగాలీ, మా బడిలో చదివిన చందమామ



మన ఇండ్లలో చందమామ పత్రిక తెలియని పెద్దవాళ్ళు తక్కువ. కానీ ఒక్కొక్క ఇంట్లో అది ఒక్కొక్క లిపిలో తెలుసు. కోలారు, చింతామణి, పావగడ వైపు మనవాళ్ళు కన్నడ చందమామ చదివినారు. హొసూరు, మదురై వైపు వాళ్ళకు అది అంబులిమామా. షోలాపూరు వాళ్ళకు చాందోబా. బరంపురం వైపు ఒడియా బడికి పోయినవాళ్ళకు జహ్నమాము. ఇంట్లో తెలుగు, బడిలో ఇంకొక భాష అయిన మనకందరికీ ఈ పత్రిక ఒక చుట్టం మాదిరి.

నేను పదో తరగతి దాకా కన్నడ మాధ్యమంలో చదివినాను. నేను చదివిన ఆ కన్నడ కథల్లో చాలావాటికి మూలం తెలుగు అని పెద్దయినాక తెలిసింది. తెలుగు చదవడం నేర్చుకున్నది కూడా ఉద్యోగంలో చేరినాకనే. ఒకే నెల సంచిక కన్నడంలో ఒకటి, తెలుగులో ఒకటి సంపాదించి, పక్కపక్కన పెట్టుకొని అక్షరాలు కూడబలుక్కున్నాను. బొమ్మ ఒకటే కాబట్టి కథ ముందే తెలుసు, లిపి మాత్రమే కొత్త. అప్పటినుంచి ఆ పత్రిక పెట్టిన మనిషి ఎవరు, ఆయనకు ఈ ఆలోచన ఎట్లా వచ్చింది అని తెలుసుకోవాలని ఉండేది. తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

ఆయన అందరికీ తెలిసిన పేరు చక్రపాణి. అసలు పేరు ఆలూరి వెంకట సుబ్బారావు. 1908లో తెనాలి దగ్గర ఐతానగరంలో పుట్టినారు. పెద్ద డిగ్రీలు ఏమీ లేవు. జాతీయోద్యమం రోజుల్లో హైస్కూలు చదువు దగ్గరే ఆగిపోయింది. కానీ భాషలంటే ఇష్టం. హిందీ పండితుడు వ్రజనందన శర్మ గారి దగ్గర హిందీ నేర్చుకున్నారు. చక్రపాణి అనే కలం పేరు పెట్టింది కూడా ఆ గురువే అని చెప్తారు.

1932లో ఆయనకు క్షయ వచ్చింది. అప్పటికి ఆ జబ్బుకు మందు లేదు. స్ట్రెప్టోమైసిన్ కనిపెట్టింది 1943లో. అంతకు ముందు క్షయ వచ్చినవాళ్ళకు చేసే వైద్యమంతా మంచి గాలి, మంచి తిండి, పూర్తి విశ్రాంతి. దానికోసమే జనం మదనపల్లె పక్కన ఆరోగ్యవరం శానిటోరియానికి పోయేవారు. మా కోలారు జిల్లా సరిహద్దుకు అది పెద్ద దూరమేమీ కాదు. మా వైపు పాత తరం వాళ్ళకు "మదనపల్లెకు తీసుకుపోయినారు" అంటే ఏ జబ్బో వేరే చెప్పాల్సిన పని ఉండేది కాదు.

చక్రపాణి గారు కూడా అక్కడికే పోయినారు. ప్రాణం నిలుస్తుందో లేదో తెలియని చోట, మంచం మీద పడుకొని ఆయన చేసిన పని బెంగాలీ నేర్చుకోవడం. అక్కడ ఉన్న ఒక సాహిత్యాభిమాని సాయం చేసినారట. పరీక్ష రాయాలనో, ఉద్యోగం రావాలనో నేర్చుకున్నది కాదు. మా కన్నడంలో దీన్ని హవ్యాసం అంటారు. తెలుగులో వ్యాపకం అనుకోవచ్చు. పొద్దు పోవడానికి, మనసు నిలబడడానికి మనిషి పట్టుకునే పని.

ఇంటికి తిరిగి వచ్చినాక ఆయన శరత్‌చంద్ర ఛటర్జీ నవలలను తెలుగు చేయడం మొదలుపెట్టినారు. ఆ తెలుగు ఎంత సహజంగా కుదిరిందంటే, శరత్ బాబు తెలుగు రచయితే అని నమ్మినవాళ్ళు ఉండేవారని ఇప్పటికీ చెప్పుకుంటారు. బెంగాలీ మాట వెనక మాట పెట్టి తెలుగు చేసి ఉంటే అట్లా జరిగేది కాదు. కథను ముందు తన ఇంటి మాటలోకి తెచ్చుకొని తరువాత రాసినట్టు ఉంటుంది. 1930లలోనే తెనాలిలో 'యువ' అనే పత్రిక కూడా మొదలుపెట్టినారు. అంటే రాయడంతో ఆగలేదు. అచ్చు వేయించడం, అమ్మడం, డబ్బు వసూలు చేసుకోవడం కూడా నెత్తిన వేసుకున్నారు. పుస్తకం రాసిన ఆనందం వేరు, అమ్ముడుపోక మూలన పడి ఉన్న కట్టలు చూసే బాధ వేరు. ఆ రెండోది కూడా తెలిసిన రచయితే మంచి ప్రచురణకర్త అవుతాడని నాకు అనిపిస్తుంది.

ఆ తరువాత సినిమాకు పోయినారు. 1941లో వచ్చిన ధర్మపత్ని సినిమాకు మాటలు రాసినారు. ఆ సినిమా తీసింది కొల్హాపూరులో. 1945లో బి.ఎన్. రెడ్డి గారి స్వర్గసీమకు పని చేసినారు. ఆయన తమ్ముడు నాగిరెడ్డి గారికి మద్రాసులో బి.ఎన్.కె. ప్రెస్ ఉండేది. నాగిరెడ్డి గారిది కడప జిల్లా పొట్టిపాడు. వాళ్ళ కుటుంబం బర్మాకు ఉల్లిగడ్డలు ఎగుమతి చేసిన వ్యాపార కుటుంబం. పుస్తకాలు అచ్చు వేయించే పని మీద చక్రపాణి గారికి, నాగిరెడ్డి గారికి స్నేహం కుదిరింది. ఆ స్నేహం చివరిదాకా నిలిచింది.

ఇద్దరిలో ఒకరికి కథ తెలుసు, ఇంకొకరికి లెక్క తెలుసు అని తేలిగ్గా చెప్పేయవచ్చు. అసలు సంగతి ఇంకొంచెం ఉంది. ప్రెస్ ఉన్నవాడికి ఎప్పుడూ ఒకే దిగులు. యంత్రం ఖాళీగా నిలబడితే నష్టం. పెండ్లిండ్ల కాలంలో పత్రికల పని వస్తుంది, మిగతా నెలల్లో ఉండదు. నెలనెలా తప్పకుండా వచ్చే పని ఒకటి కావాలి. రచయితకు ఇంకొక దిగులు. రాసింది మంచి కాగితం మీద, చెప్పిన తేదీకి, జనం కొనగలిగిన ధరకు రావాలి. మాసపత్రిక ఈ రెండు దిగుళ్ళకూ ఒకే జవాబు.

అట్లా 1947 జూలైలో, స్వాతంత్ర్యానికి ఒక నెల ముందు, తెలుగు చందమామ వచ్చింది. తమిళ అంబులిమామా కూడా ఆ ఏడాదే మొదలయింది. 1949లో కన్నడం, హిందీ వచ్చినాయి. 1952లో మరాఠీ, 1956లో ఒడియా. ఇంకా చాలా భాషలు తరువాత చేరినాయి. సంపాదకుడు చక్రపాణి, ప్రచురణకర్త నాగిరెడ్డి.

ఇక్కడ నా ఉద్యోగం మాట ఒకటి చెప్తాను. నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. ఒకే యాప్ ఆరేడు భాషల్లో తయారయినప్పుడు, ఒక భాషలో చిన్నగా ఉన్న మాట ఇంకొక భాషలో పొడుగై బటన్‌లో పట్టదు. మాకు రోజూ ఉండే తలనొప్పి ఇది. చందమామ రెండు భాషల సంచికలు పక్కన పెట్టి చూసినప్పుడు నాకు మొదట కనిపించింది అదే. బొమ్మ ఒకటి, అక్షరాలు వేరు. బొమ్మకు పెట్టే ఖర్చు, శ్రమ ఒకసారి పెడితే చాలు, అన్ని భాషలకూ పనికి వస్తుంది. అందుకే అంత మంచి చిత్రకారులను పెట్టుకొని కూడా పిల్లలకు అందే ధరకు ఇవ్వగలిగినారు. కానీ దానికి కథ కూడా సహకరించాలి. ఒక ఊరికే చెందిన వేళాకోళం, ఒక భాషలోనే కుదిరే మాటల చమత్కారం ఎక్కువ ఉంటే ఇంకొక భాషకు పోదు. చందమామ కథలు ఒక ఊళ్ళో ఒక రైతు, ఒక రాజ్యంలో ఒక మంత్రి అని నిదానంగా నడిచేది ఇందుకే కావచ్చు. మదనపల్లెలో మంచం మీద ఒక భాష కథను ఇంకొక భాషలోకి తెచ్చుకోవడం నేర్చుకున్న మనిషికి, ఏ కథ సరిహద్దు దాటుతుందో బాగా తెలిసి ఉంటుంది.

పని చేసినవాళ్ళు కూడా ఒక ఊరివాళ్ళు కారు. వడ్డాది పాపయ్య గారిది శ్రీకాకుళం. చిత్ర, శంకర్ తమిళనాడు వాళ్ళు. మొదటి రోజుల్లో బొమ్మలు వేసిన ఎం.టి.వి. ఆచార్య గారు మా కన్నడనాడు మనిషి. తెనాలి స్నేహితుడు కొడవటిగంటి కుటుంబరావు గారు 1952లో చేరి, 1980లో పోయేదాకా పత్రికను తన చేతుల మీద నడిపినారు. సంపాదకుడుగా ఆయన పేరు అచ్చులో ఉండేది కాదు. పిల్లల కోసం ఎన్నో సీరియల్‌లు రాసిన దాసరి సుబ్రహ్మణ్యం గారు కూడా ఆ 1952లోనే చేరినారు.

తీసుకోవడం, ఇవ్వడం రెండు వైపులా జరిగింది. చక్రపాణి గారు బెంగాలీ కథ తీసుకొని 1955లో మిస్సమ్మ చేసినారు. 1958లో విఠలాచార్య గారు తీసిన కన్నడ సినిమా 'మనె తుంబిద హెణ్ణు' హక్కులు తీసుకొని, కథను బాగా మార్చి 1962లో గుండమ్మ కథ చేసినారు. తెలుగువాళ్ళు తమ ఇంటి మనిషి అనుకునే గుండమ్మ పుట్టిల్లు కన్నడం అని చెప్తే మా బెంగుళూరు స్నేహితులు చాలామంది నమ్మరు. ఆ మాట చెప్పడం నాకు చాలా ఇష్టం.

చక్రపాణి గారు 1975లో పోయినారు. పత్రిక 1998లో కొంతకాలం ఆగింది, మళ్ళీ వచ్చింది. 2007లో చేతులు మారింది. 2012 తరువాత కొన్నాళ్ళకు అచ్చు ఆగిపోయింది. అరవై ఏండ్లు దాటి బతికిన పత్రిక అది. ఏ వ్యాపారానికైనా ఆయుష్షు ఉంటుంది. కానీ ఆ అరవై ఏండ్లలో మన మాదిరి ఇండ్లలో ఒక ముఖ్యమైన పని జరిగింది. అమ్మ నోట తెలుగులో విన్న కథ, బడి లిపిలో మళ్ళీ కనపడింది. ఇంటి కథకు, బడి చదువుకు సంబంధం ఉందని మాకు ఎవరూ చెప్పలేదు, ఆ పుస్తకం చూపించింది. ఇప్పుడు మా ఇంటి పిల్లలకు ఆ వంతెన లేదు. వాళ్ళు తెలుగు మాట్లాడతారు, చదవలేరు. బడిలో నేర్చేది కన్నడం, ఇంగ్లీషు. ఇంకొక తరం పోతే మాట్లాడడం కూడా పోతుంది.

అందుకే మా పెద్దమ్మ కూతురు, నేను కలిసి ఒక చిన్న పని మొదలుపెడుతున్నాము. అక్కకు ముళబాగిలులో డీటీపీ అంగడి ఉంది. పెండ్లి పత్రికలు, బిల్లు పుస్తకాలు చేస్తుంది. మా అవ్వ చెప్పిన కథలను పుస్తకంగా వేయాలని అనుకున్నాము. ఎడమ పేజీలో తెలుగు లిపిలో తెలుగు. కుడి పేజీలో అదే తెలుగు మాట, కన్నడ లిపిలో. రెంటికీ మధ్యన ఒకటే బొమ్మ. కన్నడం చదివే పిల్లవాడు కుడి పేజీ పట్టుకొని ఎడమ పేజీకి పోవచ్చు, నేను పోయిన దారినే.

"ఎవరు కొంటారురా ఇది?" అని మా మామ అడిగినాడు. న్యాయమైన ప్రశ్నే. అక్క కూడా అదే అడిగింది, కానీ క్యాలిక్యులేటర్ చేతిలో పట్టుకొని అడిగింది. మొదటి పుస్తకం పదహారు పేజీలు, అంటే ఒక్క ఫారం. అంతకు మించితే కాగితం ఖర్చు పెరుగుతుంది, పిల్లలు కూడా కూర్చోరు. పెండ్లిండ్లు లేని ఆషాఢంలో అచ్చు వేస్తే అంగడికి పని దొరుకుతుంది, మాకు ఖర్చు తగ్గుతుంది. లాభం సంగతి తరువాత, మొదటి పుస్తకం డబ్బు వస్తేనే రెండోది అని ఒప్పందం. నేను రాత్రి పూట కథలు రాసి పంపుతాను. అవ్వ మాట తీరు మారిస్తే అక్క ఊరుకోదు. "మనం అంగడి అంటాము, దుకాణం అని ఎందుకు రాసినావు?" అని తిప్పి పంపుతుంది.

మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఉంటే వాళ్ళు చెప్పే కథ ఒకటి వాళ్ళ మాటల్లోనే రాసి పెట్టుకోండి. లిపి ఏదైనా పరవాలేదు, తమిళమో, ఒడియానో, మరాఠీనో. మాట మాత్రం మార్చవద్దు. మా మొదటి పుస్తకానికి అవ్వ చెప్పిన కాకి కథ ఎంచుకున్నాము. ఆషాఢానికి ముందే బొమ్మలు పూర్తి కావాలి, ఇంకా నాలుగు మిగిలినాయి.