గబ్బిలం మోసుకెళ్లిన మొర



ఈ వారం బైబిలు గ్రంథంతో పాటు మన తెలుగు కావ్యం ఒకటి మీ ముందు పెడుతున్నాను. గుఱ్ఱం జాషువా గారి ‘గబ్బిలం’. పేరు చాలామంది విన్నారు. అందులో దాగి ఉన్న సంగతి ఏమిటో కాస్త నిదానంగా చూద్దాం.

జాషువా గారు 1895లో పల్నాటి సీమలో, వినుకొండలో పుట్టారు. తల్లిదండ్రులు వేర్వేరు కులాలవారు. క్రైస్తవ కుటుంబంలో పెరిగారు. పద్యం మెచ్చుకున్న నోటితోనే ‘మీదే కులం?’ అని అడిగి, జవాబు విని లేచి వెళ్లిపోయినవాళ్లను ఆయన చూశారు. 1941లో గబ్బిలం వెలువడింది.

దానికి వెనక ఒక పాత కావ్యం ఉంది. కాళిదాసు మేఘసందేశంలో యక్షుడు ఏడాది పాటు భార్యకు దూరమై, మబ్బుతో ఆమెకు కబురు పంపుతాడు. జాషువా గారు ఆ పద్ధతే తీసుకున్నారు గాని లోపలి సరుకంతా మార్చేశారు. యక్షుడికి బదులు తంజావూరులో ఉండే ఒక నిరుపేద, అంటరానివాడని ఊరు వెలివేసినవాడు. వాడు కబురు పంపేది భార్యకు కాదు, కాశీలో ఉన్న శివుడికి. మోసుకెళ్లేది మబ్బు కాదు, హంస కాదు, గబ్బిలం.

గబ్బిలమే ఎందుకు? ఇంట్లోకి వస్తే అశుభమని మనం చీపురు తీసుకుని తరిమే ప్రాణి అది. అయినా ఏ గుడిలోనైనా దూరి, గర్భగుడి కప్పుకు వేలాడగలదు. దాన్ని ఎవరూ కులం అడగరు. మనిషికి మూసిన తలుపు గబ్బిలానికి తెరిచే ఉంది. అందుకే ఆ పేదవాడు, పూజారి లేని సమయం చూసి నా మొర దేవుడి చెవిన వెయ్యమని దాన్ని బతిమాలుకుంటాడు. లేవీయకాండము 11వ అధ్యాయంలోని అపవిత్రమైన వాటి జాబితాలో కూడా గబ్బిలం పేరుంది. కవి దాన్ని తలచుకునే రాశారని నేననను. కథలో లేనిదాన్ని లాగి అతికించడం నాకిష్టం లేదు. కానీ ఆ అధ్యాయం చదివినప్పుడల్లా నాకు ఈ కావ్యం గుర్తొస్తుంది.

ఇది ఊహల్లో పుట్టిన బాధ కాదు. మదురై మీనాక్షి ఆలయంలోకి అంటరానివారని పిలువబడినవారు అడుగుపెట్టింది 1939 జూలైలో. అంటే కావ్యం రావడానికి రెండేళ్ల ముందు. అప్పటికింకా ఎన్నో గుడుల తలుపులు మూసే ఉన్నాయి.

మరి ఉన్నమాట సూటిగా చెప్పకుండా కథలో ఎందుకు దాచాలి? జవాబు 2 సమూయేలు 12వ అధ్యాయంలో ఉంది. దావీదు ఊరియా భార్యను తీసుకుని, ఊరియాను చంపించాడు. నాతాను ప్రవక్త వచ్చి రాజును తిట్టలేదు. ఒక ధనవంతుడు తన మందలన్నీ ఉంచుకుని, బీదవాడు కూతురులా పెంచుకున్న ఒక్క గొఱ్ఱెపిల్లను పట్టుకుపోయిన కథ చెప్పాడు. ఆ ఊరి పేరు చెప్పలేదు. దావీదు మండిపడి తీర్పు చెప్పేశాడు. అప్పుడు ప్రవక్త, ఆ మనుష్యుడివి నువ్వేనన్నాడు. ముందే ఆ మాట అని ఉంటే రాజు తనను సమర్థించుకునేవాడు. కథ వింటున్నంతసేపు మాత్రం అతని మనసాక్షికి కాపలా లేదు.

జాషువా గారిదీ అదే దారి. వినుకొండలో పుట్టినవాడు కథను దూరాన తంజావూరులో పెట్టారు. చదివేవాడు ఆ పేదవాడి కోసం కళ్లు తుడుచుకుంటాడు. తుడుచుకున్నాక చూస్తే, కనబడేది తన ఊరే.

ఇక నా సంగతి చెప్పాలి. మా సంఘంలో రెండు పల్లెలవాళ్లం ఉన్నాం. కొన్నేళ్ల క్రితం రెండో పల్లె నుంచి ఒక కుటుంబం కొత్తగా చేరింది. ప్రభురాత్రి భోజనపు ఆదివారం ఒక పెద్దాయన నన్ను పక్కకు పిలిచి, ‘వాళ్లకు చివర ఇవ్వండి అయ్యగారూ, మావాళ్లు బాధపడతారు’ అన్నాడు. నేను సర్దుకుపోయాను. చివరే ఇచ్చాను. ఆ ఇంటి తల్లి రెండు చేతులతో గిన్నె అందుకుంది, ఒక్క మాటా అనలేదు.

ఆ తర్వాత యౌవనస్థుల కూడికలో ఈ కావ్యం గురించే చెబుతుంటే ఒక కుర్రాడు అడిగాడు: ‘అయ్యగారూ, అందులో పూజారి ఎవరు?’

‘ఆ గుడి పూజారే’ అన్నాను. వాడు తల దించుకున్నాడు. వాడు ఆ తల్లి కొడుకే.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తర్వాతి ఆదివారం ఆ ఇంటికి వెళ్లి క్షమాపణ అడిగాను. మళ్లీ బల్ల ఆచరించిన రోజున మొదటి గిన్నె ఆ తల్లికే ఇచ్చాను. ఒక కుటుంబం అలిగి వెళ్లిపోయింది. వాళ్ల కోసం ఇప్పటికీ ప్రార్థిస్తున్నాను, అప్పుడప్పుడు వెళ్లి పలకరిస్తున్నాను కూడా.

జాషువా గారు తర్వాత ‘క్రీస్తు చరిత్ర’ రాశారు. దానికి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. క్రైస్తవులం గనుక ఆ గ్రంథం మనదని గర్వంగా చెప్పుకుంటాం. గబ్బిలం మాత్రం వేరేవాళ్లను ఉద్దేశించి రాసిందనుకుంటాం. ఈ వారం దాన్ని తీసి, మన గుడి తలుపు దగ్గర నిలబడి చదవండి.

మన గుమ్మం బయట నిలిచినవారి మొర, ఏ గబ్బిలమూ మోసుకురాకముందే వినే చెవులు ప్రభువు మనకు దయచేయును గాక. ఆమేన్.